ఒంటిముడి చీమ

ఆ వేసవిలో మా ఇంట్లో మంచం కోళ్ళు నాలుగూ నీళ్ళ గిన్నెల్లో నిలబడ్డాయి. ఆ మంచం మీద మా ఆవిడ, కాళ్ళు ముడుచుకుని, పొద్దస్తమానం. కాలు కిందికి దించితే మా అత్తయ్యగారు ఊరుకునేవారు కాదు. "చీమకి ఈత రాదే, నా మాట విను" అనేవారు. చీమల గురించి ఆవిడకి తెలిసింది అంతే. నాకు అంత కూడా తెలియదు.

మాది గని కాలనీ. చుట్టూ ఇసుక, రాయి, అక్కడక్కడా ముళ్ళ తుప్ప. ఎండాకాలం గాలి వీస్తే పొయ్యి మీద మూత తీసినట్టు ముఖానికి కొట్టేది. ఎక్కడో దూరాన ఉన్న బోర్ల నుంచి కాలనీకి నీళ్ళు తోడే పంపులు నావి. అంటే కంపెనీవి, నడిపేవాణ్ణి నేను. వరస ఇళ్ళవాళ్ళందరూ నన్ను నీళ్ళాయన అనేవారు. మా ఆవిడ ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని చొక్కాలూ గనివాళ్ళ యూనిఫారాలూ కుట్టేది. ముందుగదిలో కిటికీకి కూలర్ బిగించుకుని, సరిగ్గా దాని కిందే మిషను వేసుకుంది. ఆ ఎండల్లో మనిషి మనిషిలా ఉండగలిగే చోటు ఇల్లు మొత్తానికి అదొక్కటే.

ఎండలు ఇంకా ముదరకముందు ఒకరోజు, మిషను తొక్కుతూ తొక్కుతూ "అబ్బ, సూది" అంది. సూది గుడ్డలో ఉంది, నొప్పి మడమ మీద ఉంది. కాసేపటికి అరచేతులు దురద పెట్టాయి, పెదాలు వాచాయి. మర్నాటికి తగ్గిపోయింది. ఏదో తిన్నది పడలేదనుకున్నాం.

రెండోసారి స్నానాలగదిలో. "ఏమండీ" అని ఒక్క పిలుపు వినిపించింది, తరవాత చెంబు కిందపడిన చప్పుడు. తలుపు తోసుకుని వెళ్ళేసరికి గోడకి చేరగిలబడి కూర్చుని ఉంది. ముఖం పొంగిన పిండిలా ఉంది, కళ్ళు కనిపించడం లేదు. "గొంతుకి ఎవరో దారం బిగిస్తున్నట్టుంది" అంది. అంతకంటే మాట రాలేదు. గని జీపులో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. దారి పొడుగునా ఆవిడ ఊపిరి ఈలలా వినబడుతూనే ఉంది. ఆ ఈల ఆగితే ఏం చెయ్యాలో నాకు తెలియలేదు, అందుకని ఆగకుండా లెక్క పెడుతూ కూర్చున్నాను, దేన్నో కూడా తెలియకుండా.

బతికి బయటపడ్డాక డాక్టరు నన్ను పక్కకి పిలిచాడు.

"ఏం కుట్టింది?"

"చీమ అంటోందండి."

"ఏ చీమ?"

"చీమంటే చీమే కదండీ."

"పాములన్నీ ఒకటేనా?" అన్నాడు. కోపంగా అనలేదు. "ఆ విషం ఆవిడ ఒంటికి సరిపడదు. మొదటిసారి కంటే రెండోసారి ఎక్కువ చేసింది. మూడోసారి ఇంకా ఎక్కువ చేస్తుంది. మీరుండే చోటునుంచి ఇక్కడికి వచ్చేలోపల..."

ఆపేశాడు. ఆయన ఆపిన చోటే మా వేసవి మొదలైంది.

దారి ఒకటుందన్నాడు. వేరే దేశంలో ఒక ఎడారి చీమ ఉంది, అది కుట్టి కూడా ఇలాగే మనుషులు పోతున్నారు. దాని విషాన్నే కొద్దికొద్దిగా సూదిలో ఎక్కించి ఒంటికి అలవాటు చేసే మందు అక్కడ తయారవుతోంది. మనదీ ఆ చీమే అయితే తెప్పించవచ్చు. "కాకపోతే మాత్రం ఆ మందు ఎక్కించడం దండగ, పైగా ప్రమాదం. ముందు చీమని తెండి. పట్టణంలో పురుగుల మ్యూజియం ఉంది, అక్కడ చూసి చెబుతారు" అన్నాడు. చేతిలో రెండు సూదులు పెట్టాడు, మందు నింపి సిద్ధంగా ఉన్నవి. కుట్టగానే బట్ట మీదనుంచే తొడకి గుచ్చెయ్యాలి. అది ఆసుపత్రికి చేరేదాకా ఊపిరి నిలబెడుతుంది, నిలబెట్టకపోనూవచ్చు.

అలా మంచం కోళ్ళు నీళ్ళల్లోకి వెళ్ళాయి. గుమ్మాలకి చీమలమందు చాక్‌పీసుతో గీతలు గీశాం. కాలనీలో మందు కొట్టేవాణ్ణి బతిమాలి తీసుకొచ్చాను. పెరట్లో, గోడల వెంట, తరతరాలుగా బారులు తీరి తిరిగే పెద్ద నల్లచీమల మీద వాడు డబ్బాలకి డబ్బాలు కొట్టాడు. మర్నాడు గుట్టలుగా ఊడ్చాం. "పీడ వదిలింది" అని అత్తయ్యగారు చేటతో ఎత్తి దూరంగా పారబోసి వచ్చారు. నేను ఆ గుట్టలోంచి గుప్పెడు కాగితంలో పొట్లం కట్టుకుని పట్టణం బస్సెక్కాను.

మ్యూజియం దగ్గర కాపలా ఆయన "చీమలమ్మగారి దగ్గరికా? కింద, మెట్లు దిగండి" అన్నాడు. నేలమాళిగలో కలరా ఉండల వాసన. గోడల నిండా చెక్క సొరుగులు. ఒక పెద్దావిడ ముక్కు మీద ఒక జత కళ్ళద్దాలు, నెత్తి మీద మరొక జత పెట్టుకుని, మూడో జత కోసం బల్లంతా వెతుకుతోంది. నా పొట్లం విప్పి చూసింది.

"ఇవి చీమలు కావండి. మీ కోపం" అంది. "నలిగిపోయాయి. అయినా వీటికి నడుములో రెండు ముడులున్నాయి, గింజలు ఏరుకుని బతికేవి. ఇవి మీ ఆవిణ్ణి ఏం చేయలేదు. మీరే వీటిని ఇలా చేశారు."

నాకు నవ్వు రాలేదు. జరిగిందంతా చెప్పాను. వింటున్నకొద్దీ ఆవిడ చేతులు బల్ల మీద కదలడం మానేశాయి. ఆఖర్న లేచి ఒక సొరుగు లాగింది. సన్నటి కాగితపు మొనల మీద అంటించిన చీమలు, ఒక్కొక్క మొన కింద ఒక్కొక్క సూది, సూదికి చిన్న చీటీ. ఒకదాన్ని భూతద్దం కింద పెట్టి నన్ను చూడమంది.

"అన్నిటికంటే ముందు నడుము చూడాలి. రొమ్ముకీ పొట్టకీ మధ్య ఆ బుడిపె కనిపిస్తోందా? అదే ముడి. కొన్నిటికి ఒకటి, కొన్నిటికి రెండు. మీరు చెబుతున్నంత పనిచేసే చీమ ఒంటిముడిది అయ్యుంటుందని నా అనుమానం. సన్నగా, ముదురు గోధుమరంగులో ఉంటుంది, బారులు తీరదు. ఒంటరిగా తిరుగుతుంది. నలపకుండా, స్పిరిట్లో వేసి తీసుకురండి."

చిన్న భూతద్దం ఒకటి ఎరువిచ్చింది. ఆ రోజునుంచి నా పని చీమల వెంట పడడమే అయింది. పంపుషెడ్డులో, కొళాయిల దగ్గర, గని క్యాంటీను గోడ వెనక నేల మీద బోర్లా పడుకుని భూతద్దంలో నడుములు చూసేవాణ్ణి. తోటివాళ్ళు "నీళ్ళాయనకి ఎండదెబ్బ తగిలింది" అనుకున్నారు. సెలవు దొరికినప్పుడల్లా సీసాలు పట్టుకుని మ్యూజియం మెట్లు దిగేవాణ్ణి. ఆవిడ ఒక్కొక్కటే పైకి తీసి, తిప్పి చూసి, "కాదు" అనేది. మళ్ళీ ఇంకొకటి. "ఇదీ కాదు."

"ఎన్ని 'కాదు'లండీ?" అన్నాను ఒకసారి, తట్టుకోలేక.

"కాదని తేల్చడం కూడా పనేనండి. నా జీతంలో ముప్పాతిక దానికే."

ఇంటి దగ్గర మా ఆవిడ మంచం మీద కూర్చునే గుండీలు కుట్టేది, కాజాలు తీసేది. మిషను పని ఆగిపోయింది. మాటలు తగ్గాయి. చీర కుచ్చిళ్ళు తగిలినా ఉలిక్కిపడి కాలు విదిలించేది. నిద్రలో ఒళ్ళు దులుపుకునేది. అన్నం తినిపించేటప్పుడు అత్తయ్యగారు ప్రతి ముద్దా వెలుగులో తిప్పి చూసేవారు. ఒకరోజు మా ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. "అమ్మా, చీమ కుట్టి పోయేలోపల నీ చూపులకే పోయేట్టున్నాను" అంది. ముగ్గురం నవ్వాం. నవ్వుతూనే అత్తయ్యగారు లేచి వంటింట్లోకి వెళ్ళిపోయి చాలాసేపు రాలేదు.

ఎండలు నెత్తికెక్కిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చేసరికి అత్తయ్యగారు గుమ్మంలో తల పట్టుకుని కూర్చున్నారు.

"లోపలికెళ్ళి చూడండి బాబూ, మీ ఆవిడ ఘనకార్యం" అన్నారు.

మా ఆవిడ మిషను ముందు కూర్చుని ఉంది. రెండు పాదాలూ నేలమీదే ఉన్నాయి, చెప్పుల్లేకుండా. ఎదురుగా గుండీల సీసా. గుండీలన్నీ బల్ల మీద పోసేసి ఉన్నాయి, సీసా అడుగున ఒక చీమ తిరుగుతోంది. సన్నటిది, ముదురు గోధుమరంగుది.

"కిటికీ చెక్క మీద పోతోంది. తడిపిన దారం కొసతో ఎత్తి వేశాను" అంది.

"నీకేమైనా మతి ఉందా? కుట్టి ఉంటే?"

"కుట్టలేదుగా." సీసా మూత ఇంకోసారి బిగించింది. "మీరు ఊళ్ళో చీమలన్నీ మోసుకెళ్తున్నారు. రెండుసార్లు నన్ను కుట్టింది, దాన్ని నేను గుర్తుపట్టనా? మంచం మీద కూర్చుని అదెప్పుడొస్తుందా అని చూడడం నా వల్ల కాదండీ. దానికంటే వెతుక్కోవడమే నయం."

భూతద్దం తీసి చూశాను. నడుములో ఒక్కటే ముడి.

చీమలమ్మగారు దాన్ని భూతద్దం కింద అటూ ఇటూ తిప్పి చూసింది. పక్కగదిలోంచి ఒక అట్టపెట్టె తెచ్చింది. అందులో ఉన్నది ఆ వేరే దేశపు చీమ, డాక్టరు చెప్పినదే. రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసింది. నాకూ చూపించింది. కవల పిల్లల్లా ఉన్నాయి. నాకు ఒక్కసారిగా కాళ్ళల్లో సత్తువ వచ్చింది. "అదే కదండీ?" అన్నాను.

"తొందరపడకండి. ఒక్క చీమని చూసి జాతి చెప్పకూడదు. మనుషుల్లో కూడా ఒకరికి ముక్కు వంకరుంటుంది, ఊరంతటికీ ఉండదు కదా. నాకు పుట్ట కావాలి. మీ ఇల్లు చూడాలి."

వచ్చింది. భుజానికి సంచి, చేతిలో స్పూను, నోటితో పీల్చి చీమల్ని పట్టే రబ్బరు గొట్టం. ఇంట్లోకి రాగానే మంచం కింద గిన్నెలు చూసి ఆగిపోయింది.

"ఇవెవరు పెట్టారు?"

"నేనేనమ్మా" అన్నారు అత్తయ్యగారు కొంచెం గర్వంగా.

"తీసెయ్యండి. దీనికి కావలసింది తడి. ఎడారిలో నీళ్ళున్న చోటే ఇది బతుకుతుంది." తరవాత నావైపు తిరిగింది. "ఈ ఇంట్లో నీళ్ళు ఎక్కడ కారతాయి?"

నీళ్ళాయన ఇంట్లో నీళ్ళు ఎక్కడ కారతాయో చెప్పడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు. కూలర్. ముందుగదిలోకి చల్లగాలి కొడుతూ, వెనకవైపు రాత్రింబవళ్ళు బొట్టు బొట్టుగా గోడ పాదానికి కారుతూ ఉంటుంది. ఇంటి పక్కకి వెళ్ళాం. కిటికీ కింద నేల నల్లగా, మెత్తగా ఉంది. చీమలమ్మగారు మోకాళ్ళ మీద కూర్చుని ఒక ఇటుక ఎత్తింది.

ఇటుక కింద నేల కదిలింది. గోడకి అవతలివైపు, జానెడు దూరంలో, మా ఆవిడ మిషను తొక్కే చోటు.

చీమలమ్మగారు గొంతుక్కూర్చుని ఒక్కొక్కటే గొట్టంలోకి పీలుస్తోంది. ఉన్నట్టుండి ఆగి, చీమని అరచేతిలోని గుడ్డ మీద వేసుకుని కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. "రాణికి రెక్కలు లేవు. రెక్కలు ఊడిన గుర్తు కూడా లేదు. ఇంకొకటి కూడా రాణే. ఇక్కడ ఇంకొకటి. ఎంత చక్కగా ఉన్నారో చూడండి" అంది. ముఖం వెలిగిపోతోంది.

"మేడమ్, లోపల మా ఆవిడ ఉంది" అన్నాను.

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. "నిజమే, క్షమించండి" అంది. లేచి నిలబడి మోకాళ్ళ మట్టి కూడా దులుపుకోలేదు. వరస పొడుగునా చూసింది. ప్రతి ఇంటికీ ఒక కిటికీ, ప్రతి కిటికీకీ ఒక కూలర్, ప్రతి కూలర్ కిందా ఒక తడి మరక. అలా కంటికి ఆనినంత దూరం.

"మీరు చంపిన ఆ నల్లచీమలు ఉన్నన్నాళ్ళూ వీటిని ఇంతగా పెరగనిచ్చి ఉండవు" అని మాత్రం అంది, గొణిగినట్టుగా. ఆ మాట అత్తయ్యగారికి చేరవెయ్యలేదు నేను.

తేల్చి చెప్పడానికి రమ్మన్న రోజు నేను బస్సులో నిలబడే వెళ్ళాను, సీట్లు ఖాళీగా ఉన్నా. ఆవిడ బల్ల మీద రెండు పెట్టెలు సిద్ధంగా ఉన్నాయి. నన్ను చూడగానే కళ్ళద్దాలు తీసింది. అప్పుడే అర్థమైంది నాకు.

"ఇది అది కాదండి" అంది. "దాని నడుము ముడి వెనక్కి వాలి ఉంటుంది, మీవాటికి గోడలా నిటారుగా ఉంది. అన్నిటికీ అలాగే ఉంది. మీవాటి దవడల్లో చివరి పన్ను పొడుగు. ఆ జాతిలో రాణులకి రెక్కలుంటాయి, వీటికి లేవు. ఇవి పక్క పుట్టకి నడిచే పోతాయి. ఇది ఇంతవరకూ ఎవరూ రాయని జాతి. కొత్తది."

"కొత్తదైతే మందు?"

"దీనికి మందు లేదు."

"చెయ్యరా?"

"చేస్తారేమో. ఏళ్ళు పడుతుంది."

నేను ఆ పెట్టెలవైపు చూశాను. గోధుమరంగు చుక్కలు, ఆ పక్కనా ఈ పక్కనా. "మేడమ్" అన్నాను, "నాకు రెండూ ఒకలాగే ఉన్నాయి. డాక్టరుకి కూడా ఒకలాగే ఉంటాయి. ఈ ఊళ్ళో తేడా తెలిసింది మీ ఒక్కరికే. అదేనని రాయండి. మందు తెప్పిస్తారు. పనిచేస్తే చేస్తుంది, లేకపోతే మా ఖర్మ. మీ కాళ్ళు పట్టుకుంటాను."

నిజంగానే వంగాను. ఆవిడ కుర్చీ వెనక్కి జరిపి నా భుజం పట్టుకుంది.

"నేను రాసినంత మాత్రాన దాని విషం మారదు కదండీ. మీ ఆవిడ ఒంటికి తేడా తెలుస్తుంది, మనకి తెలియకపోయినా. ఆ మందు ఎక్కించి, భయం లేదనుకుని మీరు ఆవిణ్ణి ఆ కిటికీ కింద కూర్చోబెడితే?"

ఆవిడ మంచినీళ్ళు ఇచ్చింది, తాగాను.

ఇంటికొచ్చి చెప్పాను. మా ఆవిడ సూదిలోకి దారం ఎక్కిస్తోంది. "అయితే మందు లేదన్నమాట" అంది.

"ఈ చీమకి లేదు."

"ఆవిడేమైనా పొరబడి ఉంటుందేమో" అన్నారు అత్తయ్యగారు.

"పడలేదమ్మా. వేరే ఊరి చీమకి మన గోడతో ఏం పని?" అని దారం కొస కొరికి ముడి వేసింది. "కూలర్ ఆపెయ్యండి. ఈ చొక్కాల గుండీలు అయిపోతే సాయంత్రానికి ఇచ్చెయ్యొచ్చు."

కూలర్ ఆపేశాం. ఇల్లు ఇటుకబట్టీ అయింది. గోడలు ముట్టుకుంటే చుర్రుమనేవి. అత్తయ్యగారు తడిగుడ్డ కప్పుకుందామని తీసి, తడి అని గుర్తొచ్చి పక్కన పారేసేవారు. మా గోడ కింది పుట్ట తవ్వేసి, మా ఒక్క కూలర్ ఆపితే ఏం లాభం? ఆ రాణులు నడిచి వస్తాయి. పక్కింటి గోడ మా గోడే. నేను వరసలో ఇల్లిల్లూ తిరిగాను. కొందరు విని జాలిపడ్డారు. ఒకాయన "చీమకి భయపడి కూలర్ ఆపుకున్నామంటే గని గేటు దగ్గర నవ్వుతారయ్యా" అన్నాడు. పక్కింటి మేస్త్రీ మాత్రం నన్ను లోపలికి తీసుకెళ్ళి మంచం మీద పడుకున్న తండ్రిని చూపించాడు. ఎముకల గూడులా ఉన్నాడు ముసలాయన, కూలర్ గాలికి నోరు తెరుచుకుని.

"ఇది ఆగిన మర్నాడు మా నాన్న ఉండడు. నువ్వే చెప్పు తమ్ముడూ, ఏం చెయ్యమంటావు?"

కోప్పడడానికి కూడా మనిషి దొరకని కష్టం అది. బదిలీ అడిగాను. కంపెనీకి ఇంకో గని ఉంది, కొండల అవతల. "అక్కడ నీళ్ళు లేవు, ట్యాంకర్లే. నీళ్ళు లేనిచోట పంపువాడికేం పని?" అన్నారు ఆఫీసులో. నీళ్ళుంటేనే నాకు పని. నీళ్ళున్నచోట అది ఉంటుంది. అన్ని పక్కలా గోడే. ఆ వారమే ఉద్యోగం వదిలేశాను. పట్టణంలో మూడో అంతస్తులో ఒక గది చూశాను, మొక్కల్లేని, మట్టిలేని చోటు.

సామాను ఎక్కించే రోజు మా ఆవిణ్ణి ఏ పనీ ముట్టుకోనివ్వలేదు, గుమ్మం బయట కుర్చీ వేసి కూర్చోబెట్టాం. అన్నీ అయ్యాయి, మిషను మిగిలింది. డ్రైవరూ నేనూ దాన్ని ఎత్తి బయటికి తెచ్చి ఆవిడ పక్కనే దించాం. బల్ల అడుగు చెక్క ఇన్నాళ్ళ చెమ్మకి ఉబ్బిపోయి ఉంది. నేను తాడు తేవడానికి లారీ దాకా వెళ్ళాను. ఆవిడ అలవాటుగా, మిషను చక్రం మీద చెయ్యి వేసింది.

"ఏమండీ, అయింది" అంది. ఎంత మెల్లిగా అందంటే, మిషను సర్దడం అయిందంటోందనుకున్నాను.

మణికట్టు చూపించింది. చిన్న ఎర్రచుక్క.

సూది జేబులోనే ఉంది. ఎన్నిసార్లు దిండు మీద గుచ్చి నేర్చుకున్నానో నాకే తెలియదు, ఆ వేళ మూత కూడా తీయలేకపోయాను. ఆవిడే తీసింది. నా చెయ్యి పట్టుకుని తన తొడ మీద పెట్టుకుని "గట్టిగా" అంది. అదే చివరి మాట. డ్రైవరు లారీ తీశాడు, సామాను వెనక దొర్లుతూ ఉంది. అత్తయ్యగారు ఒక కాలికి చెప్పుతో ఎక్కారు. దారి మధ్యలో ఈల సన్నబడింది. రెండో సూది గుచ్చాను. మళ్ళీ కొంచెం వినిపించింది. ఆసుపత్రి గేటు కనబడే వేళకి అది కూడా లేదు. అత్తయ్యగారు కూతురి ముఖం రెండు చేతులతో పట్టుకుని, ఏడవకుండా, "ఊపిరి తియ్యవే, తియ్యవే" అని చిన్నపిల్లకి మందు పట్టించినట్టు గదమాయిస్తూనే ఉన్నారు.

చాలాసేపటి తరవాత డాక్టరు తలుపు తీసుకుని వచ్చాడు. గొంతుకి రంధ్రం చేసి గొట్టం వేశాడట. "ఉంది" అన్నాడు. ఆ ఒక్క మాటే.

ఉంది కానీ, కొంత పోయింది. గొంతు బొంగురుపోయి గుసగుసలా మిగిలింది. ఊపిరి అందని ఆ కాసేపట్లో ఏం దెబ్బతిందో, ఎడమచేతి వేళ్ళు రెండు మాట వినడం మానేశాయి. మూడో అంతస్తు గదిలో మిషను కిటికీ పక్కనే వేశాను. గుడ్డ వేసి తొక్కి చూసింది. కుట్టు పాములా పోయింది. విప్పి మళ్ళీ వేసింది. మళ్ళీ విప్పింది. నేను ఒక మోటారు రిపేరు కొట్లో కుదిరాను. అత్తయ్యగారు మాతోనే ఉండిపోయారు. మూడో అంతస్తు అని తెలిసినా, రోజూ పొద్దున్నే గది మూలలు వంగి చూడందే కాఫీ తాగరు. మేం వెళ్ళిపోయిన కాలనీలో ఆ కూలర్లు అలాగే తిరుగుతున్నాయి.

ఎండలు తగ్గుముఖం పట్టాక చీమలమ్మగారు కబురు పంపింది, కొత్త జాతి గురించి రాయడం పూర్తి కావచ్చిందని, వీలుంటే ఇద్దరూ రమ్మని. నాకు వెళ్ళాలని లేదు. మా ఆవిడ చీర మార్చుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. చేసేదిలేక వెళ్ళాను.

నేలమాళిగలో ఆవిడ మమ్మల్ని కూర్చోబెట్టి, మా ఆవిణ్ణి భూతద్దం ముందుకి పిలిచింది. మా ఆవిడ వంగి చూసింది. చాలాసేపు తల ఎత్తలేదు. వెనక నిలబడి నేను ఆవిడ మెడ దగ్గర మానిన గాటు చూస్తూ ఉన్నాను.

"కాటుక పెట్టుకున్నట్టుంది కళ్ళకి" అంది ఆఖర్న.

చీమలమ్మగారు గొంతు సవరించుకుంది. "దీనికి పేరు పెట్టాలి. మీకు అభ్యంతరం లేకపోతే మీ పేరు పెడదామనుకుంటున్నాను. శాస్త్రంలో శాశ్వతంగా ఉండిపోతుంది."

మా ఆవిడ తల అడ్డంగా ఊపింది. "వద్దండి. రేపు ఇది ఇంకెవర్నయినా కుడితే, వాళ్ళు నా పేరు పెట్టి తిట్టుకుంటారు."

"అది కూడా నిజమే" అంది చీమలమ్మగారు. ఆవిడ ముఖంలో నొచ్చుకున్నట్టు కనిపించింది, అయినా మరి అడగలేదు.

మా ఆవిడ ఆ సూదికి గుచ్చిన చీటీని వేలితో చూపించింది. చీమ కంటే అక్షరాలు చిన్నవి. "ఇందులో ఏం రాశారు?"

"ఎక్కడ దొరికింది, ఎప్పుడు దొరికింది, ఎవరు పట్టారు. జాతికి ఆధారంగా పెట్టేది ఈ మొదటి చీమనే. మిగతావన్నీ దీనితోనే పోల్చి చూస్తారు, ఎప్పటికైనా."

"పట్టినవాళ్ళ దగ్గర ఎవరి పేరుంది?"

చీమలమ్మగారు నావైపు చూసింది. "మీ వారిది. ఆయనే కదా తెచ్చింది."

"ఈయన తెచ్చారు" అంది మా ఆవిడ. "పట్టింది నేను."

చీమలమ్మగారు సొరుగు తీసి కాగితం ముక్క కత్తిరించింది. నల్లసిరా కలం తీసి, నెత్తి మీది కళ్ళద్దాలు ముక్కు మీదికి దించుకుంది.

"పూర్తి పేరు చెప్పండి" అంది.

మా ఆవిడ చెప్పింది. పుట్టింటి ఇంటిపేరుతో సహా చెప్పింది. పెళ్ళయిన తరవాత ఆ ఇంటిపేరు ఆవిడ నోట నేను ఎన్నడూ వినలేదు. ఆ బొంగురు గొంతు చీమలమ్మగారికి అందలేదు, కలం ఎత్తిపట్టుకుని "ఏమన్నారు?" అంది.

నేను చెప్పబోయాను. మా ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి నన్ను ఆపింది. ఊపిరి తీసుకుని, మెడ నరాలు బిగిసేలా, ఇంకోసారి గట్టిగా చెప్పింది.